గడకర్ర నుంచి కార్డు దాకా

సినిమా మంచి పట్టులో ఉంటుంది. ఇంట్లో అందరూ మాటలు ఆపి చూస్తుంటారు. అంతలో తెర మీద ఓ మూల చిన్న పట్టీలో అంకెల వరస ఒకటి కనబడుతుంది. కొన్ని క్షణాలు నిలిచి మాయమవుతుంది. కాసేపటికి ఇంకో మూల తేలుతుంది. ఏలూరు పవర్‌పేటలోనైనా, తాడేపల్లిగూడెంలోనైనా, కొల్లేటి లంకల్లోనైనా టీవీ చూసే ఇళ్లకు ఈ అంకెలు పరిచయమే. బాక్సు పాడైందేమోనని రిమోట్ తీసుకుని నొక్కేవాళ్లూ ఉన్నారు. ఏ మీట నొక్కినా అవి పోవు. పోకూడదని టెలికాం, ప్రసార రంగాల నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల్లోనే రాసి ఉంది.

ఆ అంకెలు ఆ ఇంటి బాక్సుకో, అందులోని కార్డుకో ఇచ్చిన నంబరు. ఈ రంగంలో దాన్ని ఫింగర్‌ప్రింట్ అంటారు, అంటే వేలిముద్ర. ఆ బాక్సులోంచి బొమ్మను ఎవరైనా దొంగతనంగా కాపీ చేసినా, మరో కేబుల్‌లోకి ఎక్కించినా కాపీలో ఆ నంబరు కూడా ఉంటుంది. దాన్ని పట్టుకుని బాక్సును గుర్తించి, వందల కిలోమీటర్ల అవతల నుంచి ఆపేయవచ్చు. ఒకప్పుడు మేడ మీద గడకర్రకు యాంటెన్నా కట్టుకుని ఉచితంగా బొమ్మ చూసిన ఊళ్లకు, ఇంటింటికీ వేలిముద్ర పడే కాలం రావడానికి దాదాపు మూడు దశాబ్దాలు పట్టింది.

లాకు అనే మాట ఏలూరుకు కొత్త కాదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక గోదావరి నీళ్లు కాలువల్లోకి మళ్లాయి. గోదావరి వైపు కాలువ, బెజవాడ నుంచి వచ్చే కృష్ణా కాలువ ఏలూరులో కలుస్తాయి. ఈ కాలువల మీద నీటిమట్టం తేడా ఉన్నచోట లాకులు కట్టారు. పడవ లోపలికి వచ్చాక వెనక తలుపు మూసి, నీటిని సమం చేసి, ముందు తలుపు తీసేవారు. నీళ్లు ఎన్ని ఉన్నా లాకు తలుపు తెరవందే పడవ కదలదు. టీవీ విషయంలో ఈ ప్రాంతం చూసిన చరిత్ర కూడా ఇంచుమించు ఇదే: తలుపు ఎక్కడ పెట్టారు, అది తీసే చెయ్యి ఎవరిది అన్నదే అందులో అసలు కథ.

మొదటి తలుపు పోస్టాఫీసులో ఉండేది. రేడియోకు, టీవీకి లైసెన్సు తీసుకోవాలి, ఏటా రుసుం కట్టాలి. హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం 1977 అక్టోబరు 23న మొదలైంది, కానీ ఆ ప్రసారాలు గోదావరి జిల్లాల దాకా వచ్చేవి కావు. 1982 ఆసియా క్రీడలతో రంగుల టీవీ వచ్చింది. 1984లో దూరదర్శన్ దేశమంతటా దాదాపు రోజుకో ట్రాన్స్‌మిటర్ చొప్పున నెలల తరబడి నెలకొల్పింది. ఊళ్లలో టీవీలు పెరుగుతున్న ఆ రోజుల్లోనే, 1980ల మధ్యలో, లైసెన్సు విధానం రద్దయింది. దాంతో కొన్నేళ్లపాటు టీవీకి ఏ తలుపూ లేకుండా పోయింది. గాలిలో వచ్చే సంకేతాన్ని అందుకోగలిగితే చాలు, బొమ్మ కనబడేది.

అందుకోవడమే కష్టం. సంకేతం రావాల్సిన విజయవాడ ఏలూరు నుంచి అరవై కిలోమీటర్లు, తాడేపల్లిగూడెం నుంచి వందకు పైగా. డెల్టా నేల బల్లపరుపు, యాంటెన్నా పెట్టుకోవడానికి కొండా గుట్టా లేవు. ఎంత దూరమైతే అంత ఎత్తు గడ కావాలి. ఇనుపగొట్టమో, సరుగుడు గడో, వెదురో నిలబెట్టి, నాలుగు వైపులా తీగలు లాగి కట్టేవారు. ఒకరు మేడ మీద గడ తిప్పుతుంటే, ఇంకొకరు కిటికీ దగ్గర నిలబడి "వచ్చింది... పోయింది... ఆఁ, అక్కడే ఉంచు" అని అరిచేవారు. గాలివాన వచ్చి వెళ్లాక మళ్లీ మేడ ఎక్కాల్సిందే. సంకేతానికి తాళం లేదు కాబట్టి పక్కింటివాళ్లు అరుగు మీద కూర్చుని చూసినా, మిద్దె మీద నుంచి తొంగిచూసినా ఎవరికీ నష్టం లేదు.

1991లో గల్ఫ్ యుద్ధాన్ని సీఎన్ఎన్ చూపించింది. అదే ఏడాది ఆసియాశాట్-1 ఉపగ్రహం మీద స్టార్ టీవీ వచ్చింది. 1992 అక్టోబరులో జీ టీవీ, 1993 ఏప్రిల్‌లో సన్ టీవీ, 1995లో జెమిని, ఆ ఏడాదే ఆగస్టు 27న ఈటీవీ మొదలయ్యాయి. వీటిని పట్టాలంటే మంచమంత డిష్ కావాలి, అది ఒక్క ఇంటికి కొనగలిగే సరుకు కాదు. కాస్త ఎలక్ట్రానిక్స్ తెలిసిన కుర్రాళ్లు, రేడియో రిపేరు షాపులవాళ్లు, వీడియో క్యాసెట్లు అద్దెకిచ్చేవాళ్లు అప్పుచేసి డిష్ కొన్నారు. ఒక గది అద్దెకు తీసుకుని, మాడ్యులేటర్లు వరసగా పేర్చి, దానికి కంట్రోల్ రూమ్ అని పేరు పెట్టారు. అక్కడి నుంచి నల్లని కేబుల్ కరెంటు స్తంభాల మీదుగా, చెట్ల మీదుగా, మేడల అంచుల మీదుగా వీధి వీధికీ పాకింది. కొల్లేటి వైపైతే చెరువు గట్ల వెంట కూడా వెళ్లింది.

సంకేతం దూరం పోయేకొద్దీ బలహీనపడుతుంది కాబట్టి మధ్య మధ్య ఆంప్లిఫయర్లు పెట్టాలి. ఒక వీధిలో కరెంటు పోతే అక్కడి ఆంప్లిఫయర్ ఆగి, కరెంటు ఉన్న తర్వాతి వీధిలోనూ బొమ్మ పోయేది. తేమ ఎక్కువగా ఉండే లంక గ్రామాల్లో కనెక్టర్లు తుప్పు పట్టి తెర మీద చీమలు పాకేవి. ఫోన్ చేస్తే కేబుల్ అబ్బాయి నిచ్చెన, కటింగ్ ప్లయరు పట్టుకుని వచ్చేవాడు. ఆ ప్లయరే ఆనాటి తాళం కూడా. డబ్బులు కట్టని ఇంటికి స్తంభం దగ్గర తీగ కత్తిరించేవాడు, కడితే మళ్లీ కలిపేవాడు. కొన్నిచోట్ల రాత్రిపూట కొత్త సినిమా క్యాసెట్ వేసేవారు. నిర్మాతకు దక్కాల్సిన డబ్బు దక్కకుండా పోయింది అలాంటిచోట్లే. తెలుగు సినిమా పరిశ్రమకు వీడియో పైరసీ అనే మాట నిద్ర పట్టనివ్వలేదు.

ఇంత పెరిగాక చట్టం వచ్చింది. 1995లో పార్లమెంటు కేబుల్ టెలివిజన్ నెట్‌వర్క్‌ల నియంత్రణ చట్టం చేసింది. దాని ప్రకారం అప్పట్లో కేబుల్ ఆపరేటరు తన ప్రాంతపు హెడ్ పోస్టాఫీసులో రుసుం కట్టి రిజిస్టరు చేసుకోవాల్సి ఉండేది. పదేళ్ల కిందట ఇళ్లవాళ్లు టీవీ లైసెన్సు కట్టిన తపాలా శాఖ దగ్గరకే ఇప్పుడు ఆపరేటర్లు దరఖాస్తులతో వెళ్లారు.

ఈలోగా ఆకాశంలో కూడా తాళాలు పడ్డాయి. సినిమా, క్రీడల చానళ్లు కొన్ని పే చానళ్లయ్యాయి. బొమ్మను చిందరవందర చేసి పంపడం, డబ్బు కట్టిన ఆపరేటరుకు దాన్ని సరిచేసే పెట్టె, కార్డు ఇవ్వడం పద్ధతి. ఏ కంపెనీ పెట్టె ఆ కంపెనీదే. కంట్రోల్ రూముల్లో ఆ పెట్టెలు గోడ ఎత్తున పేరుకున్నాయి. కానీ ఈ ఏర్పాటులో పెద్ద లోపం ఒకటి ఉంది. తాళం కంట్రోల్ రూమ్ దాకానే. అక్కడ తీశాక, కేబుల్‌లో వెళ్లేది తాళం లేని మామూలు అనలాగ్ బొమ్మ. తీగ తగిలించుకున్న ప్రతి టీవీకీ అన్ని చానళ్లూ వస్తాయి. ఎన్ని ఇళ్లు చూస్తున్నాయో కంట్రోల్ రూమ్‌కే సరిగ్గా తెలియదు, చానల్ కంపెనీకి అసలే తెలియదు.

అందుకే లెక్కల తగాదా మొదలైంది. కనెక్షన్లు తక్కువ చూపిస్తున్నారని చానళ్లు ఆపరేటర్ల మీద, ఇష్టం వచ్చినట్టు రేట్లు పెంచుతున్నారని ఆపరేటర్లు చానళ్ల మీద ఫిర్యాదులు చేసుకున్నారు. బేరం కుదరకపోతే చానల్ ఆగిపోయేది. మధ్యలో నష్టపోయింది నెలనెలా డబ్బు కట్టిన ఇల్లే. తనకు అక్కర్లేని చానళ్లకూ కట్టాలి, కావాల్సిన చానల్ ఎప్పుడు పోతుందో తెలియదు.

ఈ చిక్కుకు విరుగుడుగా 2002 చివర్లో చట్టం సవరించి క్యాస్ తెచ్చారు. అంటే షరతుతో కూడిన ప్రవేశం. పే చానల్ చూడాలంటే ఇంటింటికీ బాక్సు ఉండాలి. 2003 సెప్టెంబరులో నాలుగు మహానగరాల్లో మొదలుపెట్టాలనుకున్నా నిలిచింది చెన్నైలో మాత్రమే. మిగతా మూడు నగరాల్లోని కొన్ని భాగాల్లో, ఢిల్లీ హైకోర్టు జోక్యం తర్వాత, 2006 ఆఖరి రోజున అమల్లోకి వచ్చింది. అప్పటికి ట్రాయ్ పే చానల్ గరిష్ఠ ధర 5 రూపాయలని, కనీసం 30 ఉచిత చానళ్లకు 77 రూపాయలని నిర్ణయించింది. గోదావరి జిల్లాల కేబుల్ ఆపరేటర్లు ఇదంతా పత్రికల్లో చదివారు. వాళ్ల వీధుల్లోకి తాళం వచ్చింది వేరే దారిలో.

ఆ దారి డీటీహెచ్. ఇంటి మీద చిన్న డిష్ పెట్టుకుని నేరుగా ఉపగ్రహం నుంచి చూసే పద్ధతిని ప్రభుత్వం 1997లో నిషేధించి, 2000 నవంబరులో అనుమతించింది. 2003 అక్టోబరు 2న డిష్ టీవీ, 2004 డిసెంబరులో దూరదర్శన్ వారి ఉచిత డీడీ డైరెక్ట్ ప్లస్, 2006 ఆగస్టులో టాటా స్కై, 2007 చివర్లో సన్ డైరెక్ట్, 2008లో బిగ్ టీవీ, ఎయిర్‌టెల్ వచ్చాయి. కేబుల్ తీగ అందని చెరువు గట్టు మకాముల్లో, పొలాల మధ్య ఒంటరి ఇళ్లలో డిష్‌లు మొలిచాయి. వాటితో పాటు కార్డు, రీచార్జ్ అనే మాటలూ ఇంటి భాషలో చేరాయి.

కార్డులో ఉన్న విద్య ఏమిటో కాస్త దగ్గరగా చూడాలి. డిజిటల్ ప్రసారంలో బొమ్మ, శబ్దం రెండూ అంకెలే. ఆ అంకెలను ఒక రహస్య సంఖ్య సాయంతో కలగాపులగం చేసి పంపుతారు. యూరప్‌లో డీవీబీ అనే సంఘం 1994లో ఇందుకు ఉమ్మడి సూత్రాన్ని ఖాయం చేసింది. మన దేశం అనుసరించేదీ డీవీబీ పద్ధతినే. ఆ సూత్రంలో తాళంచెవి 64 బిట్ల సంఖ్య. అది పది సెకన్లకోసారి అటూఇటుగా మారిపోతూ ఉంటుంది. ఒక సినిమా పూర్తయ్యేలోగా వెయ్యి తాళంచెవులు మారతాయన్నమాట. ఆ తాళంచెవిని కూడా మరో తాళం వేసి, బొమ్మతో పాటే గాలిలో పంపిస్తారు. దీన్ని ఈసీఎం అంటారు. దాన్ని తెరవగలిగేది కార్డులోని చిప్ ఒక్కటే.

అయితే ఎవరి కార్డు తెరవాలి, ఎవరిది తెరవకూడదు? అందుకు రెండోరకం సందేశం ఈఎంఎం ఉంటుంది. 'ఫలానా నంబరు కార్డుకు ఈ చానళ్లకు అనుమతి ఉంది' అనే ఆజ్ఞ అది. రీచార్జ్ చేశాక "టీవీ ఆన్ చేసి ఉంచండి, కాసేపట్లో వస్తుంది" అని చెప్పేది ఇందుకే. ఆ నంబరు పేరిట బయలుదేరిన ఆజ్ఞ ఉపగ్రహం దాకా వెళ్లి తిరిగి ఆ ఇంటి డిష్ మీద వాలినప్పుడు బాక్సు ఆన్‌లో ఉండాలి.

ఈ తాళాల వెనుక పెద్ద బుర్రలున్నాయి. టాటా స్కై వాడిన వీడియోగార్డ్ పద్ధతిని తయారుచేసిన ఎన్‌డీఎస్ సంస్థ 1988లో ఇజ్రాయెల్‌లో పుట్టింది. ఆర్‌ఎస్ఏ అనే ప్రసిద్ధ సంకేత విద్యలో పాలుపంచుకున్న గణితవేత్త అడీ షమీర్ పరిశోధన దానికి పునాది. అంత గట్టి విద్యకూ దొంగలు తప్పలేదు. యూరప్‌లో నకిలీ కార్డుల వ్యాపారం పెద్ద కంపెనీలనే కుదిపేసింది. డీవీబీ సూత్రం వివరాలు ఎనిమిదేళ్లు గుట్టుగా ఉండి, 2002లో బయటపడ్డాయి. మన దేశంలో ఎక్కువగా జరిగిన దొంగతనానికి ఇంత విద్య అక్కర్లేదు. ఇంటి కోసం తీసుకున్న డీటీహెచ్ బాక్సునే తెచ్చి కంట్రోల్ రూమ్‌లో పెట్టి, దాని బొమ్మను ఊరంతటికీ పంచేవారు. మొదట్లో చెప్పిన వేలిముద్ర అంకెలు పట్టిచ్చేది ఇలాంటి బాక్సులనే.

2011లో చట్టం మళ్లీ మారింది. ఈసారి దేశంలోని ప్రతి కేబుల్ ఇంటికీ డిజిటల్ బాక్సు తప్పనిసరి. నాలుగు దశలు పెట్టారు. 2012 అక్టోబరు 31తో మహానగరాలు, 2013 మార్చి 31తో హైదరాబాద్, విశాఖపట్నం సహా 38 నగరాలు, 2015 డిసెంబరు 31తో మిగిలిన పట్టణాలన్నీ, ఆ తర్వాత పల్లెలు. ఏలూరు, తాడేపల్లిగూడెం మూడో దశలోకి వచ్చాయి. గడువు దగ్గరపడేసరికి బాక్సులు చాలలేదు. హైదరాబాద్‌లోని ఉమ్మడి హైకోర్టు రెండు తెలుగు రాష్ట్రాలకు రెండు నెలల వెసులుబాటు ఇచ్చింది. లంక గ్రామాలు నాలుగో దశ, వాటి గడువు 2016 డిసెంబరు నుంచి 2017 మార్చి 31కి జరిగింది.

ఈ మార్పుతో తాళం కంట్రోల్ రూమ్ దాటి ఇంటి నడవలోకి వచ్చింది. బొమ్మ మెరుగుపడింది. ఎన్ని కనెక్షన్లు అన్న తగాదాకు కంప్యూటరు జవాబు చెప్పింది. అదే సమయంలో కేబుల్ అబ్బాయి చేతిలోంచి ప్లయరు జారిపోయింది. చేపల పట్టుబడి అయ్యాక ఇస్తామన్నా, ధాన్యం డబ్బులు రాగానే కడతామన్నా అతను నెలో రెండు నెలలో ఆగగలిగేవాడు. బాక్సును ఆపే మీట ఎమ్మెస్వో, అంటే స్థానిక ఆపరేటర్లకు చానళ్లు అందించే పెద్ద కేబుల్ సంస్థ, కార్యాలయంలోని సర్వరుకు వెళ్లాక, ఆ ఇంటి కష్టసుఖాలు తెలిసిన మనిషికి ఆ నిర్ణయంలో చోటు తగ్గింది.

ఆంధ్రప్రదేశ్‌లో ఇంకో అడుగు కూడా పడింది. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ రాష్ట్ర ప్రభుత్వపు ఫైబర్‌నెట్‌ను ప్రారంభించారు. అప్పట్లో నెలకు 149 రూపాయలకు టీవీ చానళ్లు, ఇంటర్నెట్, ఫోను ఇచ్చారు. కరెంటు స్తంభాల మీదుగానే ఫైబరు వేసి, స్థానిక కేబుల్ ఆపరేటర్ల ద్వారా ఇళ్లకు ఇచ్చారు. పాత కేబుల్‌లో అన్ని చానళ్లూ తాళంతో ఇంటి గుమ్మం దాకా వచ్చి ఆగేవి. ఇక్కడ చూడాలనుకున్న చానల్ మాత్రమే ఇంటికి బయలుదేరుతుంది. అడగని చానల్ ఆ తీగలోకే రాదు.

2019 ఫిబ్రవరి 1న వచ్చిన ట్రాయ్ కొత్త ధరల విధానం ఏలూరు ఇళ్లలో అందరూ కాగితం కలం పట్టుకుని లెక్క వేసిన సందర్భం. వంద చానళ్ల వరకు 130 రూపాయలు, పన్నుతో కలిపి 153 రూపాయల 40 పైసలు, పే చానళ్లకు విడిగా. ఏ చానల్‌కు ఎంత అన్నది మొదటిసారి ప్రేక్షకుడికి తెలిసింది. ఇంటికో తాళం లేకపోతే ఇది సాధ్యమయ్యేది కాదు, ఆ మేలు ఒప్పుకోవాలి.

కానీ మీట ఒకచోట చేరితే ఏమవుతుందో కూడా ఈ రాష్ట్రమే చూసింది. 2019లో ప్రభుత్వం మారాక ఏబీఎన్, టీవీ5 చానళ్లు చాలా కేబుల్ ఇళ్లలో ఆగిపోయాయి. వ్యవహారం టెలికాం వివాదాల ట్రిబ్యునల్ టీడీశాట్ దాకా వెళ్లింది. 2024 జూన్‌లో మళ్లీ ప్రభుత్వం మారాక టీవీ9, సాక్షి, ఎన్‌టీవీ, 10టీవీ ఆగాయి. టీవీ9ను పునరుద్ధరించాలని ఢిల్లీ హైకోర్టు 15 ఎమ్మెస్వోలను ఆదేశించింది. ఎవరికి ఏ పార్టీ నచ్చినా, డబ్బు కట్టిన ఇంట్లో వార్తాచానల్ రాత్రికి రాత్రి మాయమవడం తప్పు. దొంగ కోసం చేసిన తాళాన్ని ఇంటివాడి మీద వేయడమే అది.

కాపీ సంగతికి వస్తే, క్యాసెట్ల కాలంలో టీవీలో వచ్చిన పాటల కార్యక్రమాన్ని వీసీఆర్‌లో రికార్డు చేసుకుని చుట్టాలకు ఇవ్వడం మామూలే. 2008లో టాటా స్కై ప్లస్ లాంటి రికార్డింగ్ బాక్సులు వచ్చాయి. వాటిలో రికార్డయిన కార్యక్రమం ఆ బాక్సులోనే ఆడుతుంది, పక్కింటి బాక్సులో పెడితే పలకదు. రికార్డింగ్ ఉన్న బాక్సుల్లో కాపీ నిరోధక ఏర్పాటు ఉండాలని నిబంధనలూ వచ్చాయి. 2012లో కాపీరైట్ చట్టానికి 65ఎ సెక్షన్ చేరింది. హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో ఇలాంటి తాళాన్ని పగలగొడితే రెండేళ్ల దాకా జైలు. పరిశోధన వంటి అవసరాలకు మినహాయింపులు ఇచ్చారు. ఇప్పుడు ఆ తాళం ఫోన్‌లోకీ వచ్చింది. 2020లో మొదలైన తెలుగు వేదిక ఆహా కానీ, మరొకటి కానీ, ఓటీటీ యాప్‌లో సినిమా చూస్తూ స్క్రీన్‌షాట్ తీస్తే చాలా ఫోన్లలో నల్లటి తెరే వస్తుంది.

ఏ తాళమూ లేని దారి కూడా ఒకటి మిగిలి ఉంది. దూరదర్శన్ ఉచిత డిష్‌కు నెలనెలా కట్టేదేమీ లేదు. దాని విలువ క్రికెట్ రోజున తెలుస్తుంది. దూరదర్శన్‌కు ఇచ్చే మ్యాచ్ ప్రసారం దాని సొంత ట్రాన్స్‌మిటర్లకు, సొంత డీటీహెచ్‌కే పరిమితమని 2017 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అందుకే ఉచిత డిష్ ఉన్న ఇంట్లో దూరదర్శన్‌లో మ్యాచ్ వస్తుంది, డబ్బు కట్టే కేబుల్ ఇంట్లో అదే దూరదర్శన్‌లో రాదు.

సినిమా తీసినవాడికి, మ్యాచ్ హక్కులు కొన్నవాడికి తమ సొత్తుకు తాళం వేసుకునే హక్కు ఉంది. ఆ హక్కు లేకపోతే పెట్టుబడి పెట్టేవాడు ఉండడు. ప్రేక్షకుడు అడగాల్సింది తాను డబ్బుపెట్టి కొన్న పెట్టె గురించి. ఆపరేటరు మారినా పాత బాక్సే పనిచేసేలా చూడాలని ట్రాయ్ 2020 ఏప్రిల్‌లో కేంద్రానికి సిఫార్సు చేసింది. ఫోన్‌లో సిమ్ మార్చినట్టు టీవీలోనూ కంపెనీ మార్చుకోగలగాలన్నది దాని ఉద్దేశం. ఆ సిఫార్సు ఇళ్ల దాకా రాలేదు. ఏలూరులో ఒక నెట్‌వర్క్ కింద బాక్సు కొన్న కుటుంబం, యాభై కిలోమీటర్ల దూరంలోని తాడేపల్లిగూడెంలో వేరే నెట్‌వర్క్ ఉన్న వీధికి మారితే, ఇవాళ్టికీ ఆ బాక్సును అటక మీద పెట్టి కొత్తది కొనాల్సిందే.